మత్తులో మార్జాల హృదయము
(మార్కాపురమున జరిగిన స్మారకసభలో చదివిన ఉపన్యాసము)



పడమటి ప్రకాశమున పశువైద్యమే పరమధర్మముగా జీవించి, కాడియెద్దు కుంటువడినదని వచ్చిన రైతునకును, మందకు తెగులు సోకినదని వచ్చిన గొఱ్ఱెల కాపరికిని, ఇంటిపిల్లిని బుట్టలో పెట్టుకొని వచ్చిన బాలికకును సమానాదరముతో తలుపు తెఱచిన యొక వైద్యుని స్మృతికై యేర్పడిన యీ సభలో ప్రసంగించు నవకాశము లభించుట నా భాగ్యముగా భావించుచున్నాను.  ఆయన జీవితకథను నాకంటె మీరే బాగుగ నెఱుగుదురు గనుక దానిని చెప్పబూనను. ఆయన చేతులు జీవితమంతయు నే ప్రశ్నకు సమాధానము వెదకుచుండెనో, ఆ ప్రశ్నను మాత్రము మీ యెదుట నుంచెదను. మత్తులోనున్న ప్రాణి బ్రదికి మేల్కొనవలెనన్న వైద్యుడు దేనిని కనిపెట్టియుండవలెను?

విషయమును నేను పిల్లికిని, సిరద్వారా నిచ్చు మత్తునకును పరిమితము చేసితిని. ఇంత చిన్నప్రాణిని గూర్చి యింత పెద్దసభలో మాటలాడుట తగునా యని యెవరికైన తోచవచ్చును. కాని మత్తువైద్య చరిత్రలో పిల్లి వహించిన స్థానము చిన్నది కాదు. ఒక తరపు వైద్యులను రెండు పక్షములుగా చీల్చిన వివాదమును తీర్చినవానిలో పిల్లి ముఖ్యమైనది. ఆ వివాదము రగిలినది మన తెలుగుగడ్డమీదనే, హైదరాబాదు నగరముననే. మఱియు, మనకు పడమటగా నిలిచిన నల్లమలలో తిరుగాడు పెద్దపులియు చిరుతయు నీ జాతిలోనివే యగుటచేత, ఈ మార్కాపురము, గిద్దలూరు సీమలో పిల్లి గుండెను గూర్చి తెలిసికొనుట గృహస్థునకే గాక యడవికాపరికిని పనికివచ్చు విద్య.

నేను స్థాపింపదలచిన సిద్ధాంత మొక్కటే. మత్తుమందు నిద్రపుచ్చునది మెదడునే యైనను, దాని భారమును మోయునది రక్తప్రసరణము. కావున మత్తునిచ్చువాని తొలి కర్తవ్యము ఆ ప్రసరణమును కాచుకొనుట. సిరలోనికెక్కించిన మందు కుడిగుండెను జొచ్చి, ఊపిరితిత్తులను దాటి, ఎడమగుండెకు చేరి, అది తోయగా ధమనులలోనికి పోవును. బృహద్ధమని మొదటనే చీలు శాఖలు గుండెకండరమును పోషించునవే యగుటచేత, మందు మెదడును ముట్టువేళకు గుండెయు దానిని గ్రహించియే యుండును. ప్రాణి కనులు మూసికొనుట మనకు కనబడును. గుండె బలము సడలుట కనబడదు. ఈ కనబడని దానిని కనుగొనుటకు మానవుడు పడిన పాట్లే నేటి నా ప్రసంగము.

విలియం హార్వీ 1628లో రక్తప్రసరణ సిద్ధాంతమును ప్రకటించిన పిమ్మటనే, సిరలో నొకచోట చేర్చిన ద్రవ్యము దేహమంతట వ్యాపించునను తలంపునకు శాస్త్రాధార మేర్పడెను. అటుపిమ్మట ముప్పదియేండ్లు నిండకమునుపే, 1656లో, క్రిస్టఫర్ రెన్ ఆక్స్‌ఫర్డున నొక కుక్క సిరలోనికి నల్లమందు ద్రావకము నెక్కించి దానిని మత్తిల్లజేసెను. తరువాత లండను మహాదేవాలయమును నిర్మించిన శిల్పాచార్యు డాతడే. ఆ ప్రయోగము రెండువందలయేండ్లు ఫలమీయక నిలిచిపోయెను. బోర్డో నగరవాసియైన ఓరే యను ఫ్రెంచి వైద్యుడు క్లోరల్ హైడ్రేటును మొదట జంతువులపైనను, 1874లో మనుష్యునిపైనను సిరద్వారా ప్రయోగించి చూచినను, ఆ పద్ధతి యపాయకరమని పెద్దలు దానిని ద్రోసిపుచ్చిరి. అప్పటికే ఈథరు 1846లో బోస్టనునను, క్లోరోఫారము 1847లో ఎడింబరోనందును లోకమునకు పరిచితములై, మత్తనగా పీల్చుకొను ఆవిరియే యను నభిప్రాయము స్థిరపడియుండెను.

అయితే క్లోరోఫారము వచ్చిన మూడుమాసములకే, 1848 జనవరిలో, హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలివ్రేలి గోరు తీయించుకొనుటకై మత్తు గొని, నిమిషములలో మరణించెను. అంత చిన్న శస్త్రమునకు అంత యాకస్మిక మరణమా యని వైద్యలోకము దిగ్భ్రాంతి చెందెను. గుండె యాగినదా, ఊపిరి యాగినదా? లండనున జాన్ స్నో మొదలగువారు హృదయమునే శంకించిరి. ఎడింబరో పక్షమువారు, ముఖ్యముగా శస్త్రాచార్యుడైన సైము శిష్యులు, ఊపిరిని చూచుచున్న చాలును, నాడిని చూచుట వ్యర్థము సరికదా దృష్టిని మరల్చునని బోధించిరి. సైము శిష్యులలో నొకడైన ఎడ్వర్డ్ లారీ, రెసిడెన్సీ వైద్యుడుగ హైదరాబాదు చేరి, అఫ్జల్‌గంజు వైద్యశాలకును వైద్యపాఠశాలకును అధిపతియై, గురువాక్యమును వేదవాక్యముగ నమ్మి, తన విద్యార్థులందఱికి దానినే నేర్పెను.

లారీని వట్టి మొండివాడుగ చిత్రించుట అన్యాయము. తన నమ్మకమును ప్రయోగమునకు గుఱిచేయుటకు వెనుదీయని ధీరు డాతడు. 1888లో ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ పోషణమున మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము కుక్కలపై ప్రయోగములు చేసి, ఊపిరియే ముందు నిలుచునని తేల్చెను. లండనునందలి లాన్సెట్ పత్రిక యా తీర్పును శంకింపగా, ఆ పత్రికయే యొక నిపుణుని పంపవలెనని కోరి, అందుకగు వ్యయమునకై నిజాము వేయి పౌనుల నొసంగెను. ఆ విధముగ 1889లో వచ్చినవాడు సర్ లాడర్ బ్రంటన్. ఔషధశాస్త్రమున నాటి మహామహులలో నొకడు. క్లోరోఫారము గుండెను చంపగలదను నభిప్రాయముతోనే పడవ యెక్కినవాడు. లారీ, బ్రంటన్, బాంఫర్డు, రుస్తుంజీలతో కూడిన రెండవ సంఘము, కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు మొదలగు జంతువులపై వందలకొలది ప్రయోగములు చేసి, పెక్కింటిలో రక్తపుపోటును గీతలుగా వ్రాసికొని, మొదటి సంఘపు తీర్పునే బలపఱచెను. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును విడిచిపెట్టి యా తీర్పుమీద సంతకము చేసెను. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రకటించినప్పుడు, ఐరోపా వైద్యులు హైదరాబాదు పేరును నోటితో పలుకక తప్పలేదు.

లారీ పాఠశాలలోనే చదివి, ఆ నాటివారిలో మత్తునిచ్చు విద్యయందు ప్రఖ్యాతి గాంచిన రూపాబాయి ఫర్దూంజీని ఇక్కడ స్మరింపకుండుట తగదు. ప్రపంచమునందే మత్తువైద్యమును వృత్తిగా గైకొన్న తొలి స్త్రీలలో నామె యొకతె. తరువాతికాలమున ఎడింబరో వెళ్లి మరల చదువుకొని వచ్చి, హైదరాబాదుననే సేవచేసెను. మన చరిత్రగ్రంథములలో నామెకు దక్కవలసిన పుటలు దక్కలేదని నా యభిప్రాయము.

ఇక, హైదరాబాదు తీర్పు సరియైనదా? కాదని నిరూపించిన ప్రయత్నమునకును నిజాము ప్రభుత్వమే తోడ్పడుట యొక విశేషము. కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు 1893లో నొక జంతువు మెదడునకు వేఱొక జంతువు రక్తమును ప్రసరింపజేసి, క్లోరోఫారము మెదడునకు మాత్రమే చేరినప్పుడు రక్తపుపోటు పడిపోదనియు, గుండెకు చేరినప్పుడే పడిపోవుననియు చూపి, మందు గుండెకండరమునే నేరుగ కృశింపజేయునని తేల్చిరి. అయినను వివాదము తీరలేదు. ఆకస్మిక మరణమునకు కారణము చిక్కలేదు. మత్తు గాఢముగ నున్నప్పుడు గాక, మత్తు మొదలగుచున్నప్పుడును, రోగి పెనగులాడునప్పుడును, తేలికపాటి మత్తులో శస్త్రము తగిలినప్పుడును గుండె చటుక్కున నేల యాగవలెను?

దీనికి సమాధానము చెప్పినది పిల్లి. గుడ్మన్ లెవీ అను నాంగ్ల వైద్యుడు 1911 ప్రాంతమున పిల్లులకు క్లోరోఫారము నల్పముగ నిచ్చి, తేలిక మత్తులో నుంచి, సిరలోనికి కొంచెము అడ్రినలిను నెక్కించెను. గుండె క్రిందిగదులు సమముగ ముడుచుకొనుట మాని, కండరపు పోగు పోగును వేఱువేఱుగ వణకసాగెను, రక్తము కదలుట మానెను, పిల్లి మరణించెను. మత్తు గాఢముగనున్న పిల్లులలో నీ విపత్తు అంత సులువుగ కలుగలేదు. అనగా హైదరాబాదు సంఘమువారు చూచినది అబద్ధము కాదు. వారు మందును మితిమీరి యిచ్చి, ఊపిరి ముందాగుటను చూచిరి. అట్టి పరిస్థితిలో నది నిజమే. వారు చూడనిది తేలికపాటి మత్తులోనున్న ప్రాణియొక్క భయమును, భయముతో రక్తమున బొంగు అడ్రినలినును. వందలకొలది ప్రయోగములు చేసియు, తామడిగిన ప్రశ్నకు మాత్రమే సమాధానము పొందిరి. రోగులు మరణించు పరిస్థితిని ప్రయోగశాలలో కల్పింపనేలేదు. శాస్త్రచరిత్రలో నింతకంటె గంభీరమైన పాఠమును నేనెఱుగను.

ఈ పాఠము నేటికిని పాతబడలేదు. అర్ధవీడునుండియో, రాచర్లనుండియో బస్సులో నొక బుట్టలో కుక్కబడి, ఎండలో నెత్తురు మఱగి, వైద్యశాల యరుగుమీద కుక్కల యఱపులు వినుచు గంటసేపు వేచిన పిల్లి రక్తములో నెంత అడ్రినలినుండునో యోచింపుడు. దానిని మెడపట్టి యదిమి సూది గ్రుచ్చుట లెవీ ప్రయోగమును మరల చేయుటయే యగును. నీడగల మూలన కొంతసేపు గుడ్డ కప్పియుంచి, నెమ్మదించిన పిమ్మట తేలికపాటి శాంతికరమైన మందిచ్చి, అటుపిమ్మట సిరను వెదకుట కేవలము దయాధర్మము కాదు, హృదయరక్షణోపాయము.

ఆ పరిశోధనలలో ప్రాణములు గోల్పోయిన జంతువులను గూర్చి యొక్కమాట చెప్పుట నా విధి. అవి తమ సమ్మతి లేకయే మనకు జ్ఞానమిచ్చినవి. 1960 జంతుహింసా నివారణ శాసనము వచ్చిన పిమ్మట మనదేశమున నట్టి ప్రయోగములకు కట్టుబాట్లేర్పడినవి. వాని ఋణము తీర్చుమార్గము, వానివలన తెలిసినదానిని వాని జాతి మేలునకు వినియోగించుటయే.

పిల్లి రక్తప్రసరణమును గూర్చి యిపుడు కొంత చెప్పవలెను; కంభము చెఱువు నెఱిగిన మీకది చెప్పుట సులువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను రెండు కొండల నడుమ కట్టవేసి యాపిన యా చెఱువు, అయిదువందలయేండ్లకు పైబడియు పొలములను తడుపుచు, 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వకట్టడముగ గుర్తింపు పొందినది. చెఱువున నీరున్నంతమాత్రమున చిట్టచివరి మడి తడవదు. తూము సరిగా తెఱవబడవలెను. కాలువలు గండ్లు పడక, పూడిక లేక, తగిన వెడల్పుతో నుండవలెను. వానకు గుండ్లకమ్మ పాఱి చెఱువు మరల నిండవలెను. దేహమునందలి చివరిమడులు మెదడు, మూత్రపిండములు, గుండెకండరము. మందు గుండెను నీరసింపజేసినచో తూము సగము మూసినట్లగును. రక్తనాళములను సడలించినచో కాలువలు తెగి నీరు దారిలోనే పఱచుకొన్నట్లగును. ఒడలిలో ద్రవమే తక్కువైనచో చెఱువే యింకినట్లగును. నాలుగు కిలోల పిల్లిలో నుండు రక్తము పావులీటరుకు మించదు. అందు యాబది మిల్లీలీటర్లు పోయినను అయిదవవంతు పోయినట్లే. మత్తులో దాని సగటు రక్తపుపోటు పాదరసమానమున 60 మిల్లీమీటర్లకు దిగువకు జాఱనీయరాదను నియమము చివరిమడులకు రక్తము చేరవలెననియే యేర్పడినది.

సిరద్వారా నిచ్చు మత్తు శాస్త్రసమ్మతమైన పద్ధతిగా నిలిచినది 1934లో, థయోపెంటోను వాడుకలోనికి వచ్చిన పిమ్మటనే. పల్చని ద్రావకము ముంగాలి సిరలో నెక్కించిన కొలది క్షణములకే పిల్లి మెడ వాల్చును. ఆ శీఘ్రత చూచి మనుష్యులు మురిసిరి. కాని యా క్షణములలోనే సిరలు సడలి రక్తము వానియందు నిలిచిపోవును, గుండె ముడుపు బలము తగ్గును, పోటు దిగును. ఆరోగ్యవంతమైన పిల్లి గుండె వేగము హెచ్చించి యా లోటును కొంత పూరించుకొనును. నెత్తురు గోల్పోయినదియో, నీరింకినదియో పూరించుకొనజాలదు. 1941లో పెరల్ హార్బరున గాయపడినవారికి థయోపెంటోను నిచ్చుటవలన పెక్కుమంది మరణించిరని యొక ప్రవాదము వైద్యగ్రంథములలో పుట్టెను. ఆ సంఖ్యలు అతిశయోక్తులని తరువాత తేలినను, రక్తస్రావముతో కృశించిన దేహమునకు మామూలు మోతాదే మృత్యువగుననుట మాత్రము సత్యము.

ఈ సత్యమును మన సీమకు అన్వయింపుడు. వానలు మొగముచాటు చేయు నేల మనది. చైత్రవైశాఖములలో పలకల గనుల రాతినేల నిప్పులు చెఱగునప్పుడు, రెండుదినములు మేత ముట్టక, వాంతులు చేసికొని, కడుపున చనిపోయిన కూనలతో వైద్యశాలకు వచ్చిన పిల్లి చర్మమును చిటికెతో పైకెత్తి విడిచిన వెంటనే సర్దుకొనదు. దానికి కావలసినది మొదట కత్తి కాదు, మత్తు కాదు. సిరలోనికి కొంతసేపు లవణద్రావకము. చెఱువు నిండక తూము తెఱచుట వలదు. ద్రావకమునైనను తూకము చూచి, మెల్లగ నీయవలెను. చిన్న దేహమున నది యతిమాత్రమైనచో ఊపిరితిత్తులలో చేరి మఱియొక యాపద తెచ్చిపెట్టును.

తరువాత వచ్చిన మందులలో పిల్లికి మిక్కిలి దగ్గఱయైనది కీటమైను. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్సు దీనిని సంధించెను. 1970 నాటికి మనుష్యులకును పిల్లులకును వాడుకలోనికి వచ్చెను. ఇది తక్కినవానికి భిన్నముగ సహానుభూతినాడీమండలమును రేపి, గుండె వేగమును రక్తపుపోటును పెంచును. కనులు తెఱచియుండగనే ప్రాణి లోకమునుండి విడివడినట్లుండును. అందుచేత నిది గుండెకు మేలుచేయు మందని కొందఱనుకొనిరి. ఈ తలంపును నేనంగీకరింపను. గుండెకండరముపై దీని స్వంతప్రభావము సడలించునదే. నాడులు దానిని కప్పిపుచ్చుచున్నవి. చిరకాలవ్యాధితోనో, అలసటతోనో ఆ నాడులబలము ఖర్చయిన పిల్లికి కీటమైను నిచ్చినచో, కప్పు తొలగి పోటు పడిపోవును. అంతకంటె మఱుగైన యాపద వేఱొకటి కలదు. పాశ్చాత్యదేశములలో పైకి నిరపాయముగ కనబడు పిల్లులను పరీక్షింపగా, ఇంచుమించు నూటికి 15 పిల్లులలో గుండెగోడలు మందమెక్కి, లోపలి గది యిఱుకై యుండుట బయల్పడినది. అట్టి గుండె నిండుటకు తీఱిక కావలెను. కీటమైను దానిని పరుగెత్తించినచో నిండుటకు వ్యవధిలేక, చిమ్ము రక్తము తగ్గి, ఊపిరితిత్తులలో నీరుచేరును. ఈ జబ్బున్న పిల్లి యాడుకొనుచునేయుండును, ఎలుకలను పట్టుచునేయుండును. శస్త్రమునకు ముందు వినికిడిగొట్టము నెడమ ఱొమ్మునకానించి, గుండెచప్పుడులో బుసయో, లయభంగమో యున్నదేమో యని నిమిషముపాటు వినుట యెన్నటికిని మానరాదు. ఆ నిమిషమునకు ఖర్చులేదు.

జైలజీను, మెడెటొమిడీను అను మందులు కీటమైనునకు పూర్తిగ విరుద్ధము. ఇవి మొదట రక్తనాళములను బిగించును. కాలువలు సన్నగిల్లగా పోటు హెచ్చును. హెచ్చిన పోటును చూచి గుండె తన వేగమును తగ్గించుకొనును. చిమ్ము రక్తము సగమునకు దిగుటయు కలదు. ఈ స్థితిలో పోటు బాగుగనున్నదని సంతసించుట భ్రమ; చివరిమడికి చేరు నీరు తగ్గినదని తెలిసికొనవలెను. నెమ్మదించిన గుండెను చూచి భయపడి వెంటనే అట్రోపీను నిచ్చుట యింకను ప్రమాదము, ఏలయన బిగిసిన నాళములకెదురుగ గుండెను బలవంతముగ పరుగెత్తించినట్లగును. అయితే మందమెక్కి దారి యడ్డగించిన గుండెగల కొన్ని పిల్లులలో నీ మెడెటొమిడీనే మేలుచేసినట్లు పరిశోధకులు చూపిరి. ఒకనికి విషమైనది వేఱొకనికి పథ్యమగుట మన పూర్వవైద్యులకును తెలిసినదే.

జైలజీను, కీటమైనులను కలిపి యిచ్చుట నల్లమల వంటి యడవులలో పులిని, చిరుతను పట్టువారికి చిరపరిచితము. అది మొదట సిరకు గాక, దూరమునుండి విసరిన సూదిద్వారా కండరమునకు చేరును. ఒకటి పరుగునకు తోలును, ఒకటి పగ్గము బిగించును. ఆ రెంటి నడుమ గుండె నిలకడ గాంచును. కాని యుచ్చులో చిక్కి రాత్రంతయు పెనగులాడిన చిరుత, ఎండిన బావిలో పడి నీరసించిన చిరుత, చుట్టు జనుల కేకలు వినుచున్న చిరుత, లెవీ పిల్లికి పెద్దరూపమే. మందు విసరుటకు ముందు జనులను దూరముగ తొలగించుట, కేకలు మాన్పించుట, చల్లని వేళను ఎంచుకొనుట వైద్యములోని భాగములే. జంతువు పడిన పిమ్మట కనులకు గుడ్డకట్టి, తొడలోపలి ధమనిపై వ్రేళ్లుంచి, జైలజీను పట్టును విడిపించు ప్రతిమందును సిద్ధముగ నుంచుకొనవలెను. అటవీశాఖవారు నామాటను గ్రహింతురని నమ్ముచున్నాను.

మిగిలిన మందులను త్వరగా ముగింతును. ఆల్ఫాక్సలోను 1970 తరువాత పిల్లులకు వచ్చినది. తొలుత దానిని కరగించిన నూనె పదార్థమువలన పంజాలును చెవులును వాచుచుండెడివి. తరువాత నా ద్రావకమును మార్చుటతో నా దోషము తొలగినది. ప్రొపొఫాలు 1986 నుండి వాడుకలోనున్నది. ఇది నాళములను సడలించియు గుండె వేగమును ఆ మేరకు పెంచనీయదు గనుక పోటు మిక్కిలి దిగును. ఒక నిమిషముపైగా, బొట్టుబొట్టుగ, ప్రాణి వాలునంతవఱకే యీయవలసిన మందిది. పిల్లి కాలేయమునకు ఫీనాల్ జాతి పదార్థములను మార్చివైచు శక్తి స్వల్పము. దినదినము ప్రొపొఫాలు నిచ్చినచో దాని యెఱ్ఱరక్తకణములు చెడును. అయినను ఏ మందు మంచిదని విద్యార్థులడుగునపుడు, మెల్లగ నిచ్చిన మందే మంచిదని నేను చెప్పుచుందును. ఒక్కుమ్మడిగ తోసినప్పుడు గుండెకండరమునకు తగులు గాఢత, మెల్లగ నిచ్చినప్పుడు తగులు గాఢతకంటె నెన్నో రెట్లు హెచ్చు. చంపునది యా హెచ్చే.

హైదరాబాదు ప్రశ్నకు చివరి సమాధానము మఱియొక నూరేండ్లకు, బ్రిటనులో, వైద్యశాలల లెక్కలనుండి వచ్చినది. 2008లో ప్రకటితమైన యొక బృహత్పరిశీలనములో, మత్తుగొన్న పిల్లులలో నూటికి 0.24 చొప్పున మరణించెననియు, కుక్కలలో నది 0.17 మాత్రమేయనియు తేలెను. పిల్లుల మరణములలో సగమునకు పైగా శస్త్రము ముగిసిన పిమ్మటనే, అందును పెక్కు తొలి మూడుగంటలలోనే సంభవించెను. నాడిని చూచి, రక్తమునందలి ప్రాణవాయువును కొలుచు పరికరమును తగిలించిన పిల్లులలో మరణములు తగ్గినవి. లారీ శిష్యులు వ్యర్థమని వదలివేసిన నాడియే చివరకు ప్రాణములు నిలిపినది. ఊపిరిని చూడుడు, చూడకతప్పదు; క్లోరోఫారపు వివాదపు వేడిలో లారీ నేర్పిన యా జాగరూకతను నేను తక్కువగ నెంచను. కాని యూపిరి చూచుచున్న చేతియందే నాడియు నుండవలెను.

కావున మార్కాపురము, గిద్దలూరు, కంభము, తర్లుపాడు, కొమరోలు మున్నగుచోట్ల పనిచేయు నా సోదరవైద్యులను నేను ప్రార్థించునది యింతే. పిల్లికి మత్తునిచ్చు ప్రతిసారియు నొక మనిషి చేయి తొడలోపలి ధమనిమీదనుండి తొలగకుండ చూడుడు. అయిదేసి నిమిషములకొకసారి గుండె వేగమును, శ్వాససంఖ్యను, చిగుళ్ల రంగును ఒక కాగితముమీద వ్రాసిపెట్టుడు. ఆ కాగితములను భద్రపఱచి, సంవత్సరాంతమున నొకచోట చేరి చర్చింపుడు. ప్రాణవాయువును కొలుచు పరికరము గలచోట దానిని బీరువాలో దాచక పిల్లి నాలుకకు తగిలింపుడు. శస్త్రము ముగిసినదని యజమానునికి పిల్లిని వెంటనే యప్పగింపక, మెలకువ వచ్చి తలయెత్తి కూర్చుండువఱకు, తక్కువలో తక్కువ మూడుగంటలు, మీ కనులయెదుటనే యుంచుకొనుడు. ఆ మూడుగంటలకు గాను ఇంటివారిని బయట నీడలో కూర్చుండబెట్టి, కారణము వివరించి, ఓర్పుతో నుండుమని కోరుడు.